ఊరంతా కలిసి రాసిన వాగు

ఒక మనిషి ఒంటరిగా కూర్చుని వ్యాసం రాయడం సంఘానికి ఎంత చేటో ఏటిగడ్డపాలెం బడిలో తెలుగు చెప్పే రూతమ్మ టీచరుకి అంత సర్వీసులోనూ ఏనాడూ తట్టలేదు. పిల్లలకి ఒక అంశం ఇవ్వడం, వాళ్లు పెన్ను కొరుక్కుంటూ రాస్తుంటే కిటికీలోంచి వాగు కేసి చూడటం, రాశాక ఎర్ర సిరాతో దిద్దడం, ఇదే చదువనుకుని బతికేసింది. ఆ ఏడు జులైలో పైనుంచి ఉత్తర్వు వచ్చాక గానీ, తాను ఇన్నాళ్లూ ఎంతమంది పిల్లల్ని స్వార్థపరులుగా తయారుచేసిందో తెలిసిరాలేదు.

ఉత్తర్వు వెంట శిక్షణ కూడా వచ్చింది. మండల కేంద్రంలో టీచర్లందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టారు. శిక్షణ ఇచ్చినవారు భుజంగరావు గారు, జిల్లా సామూహిక రచనా సమన్వయాధికారి. ఆయన వ్యాసం రాసి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు గానీ, వ్యాసం ఎలా రాయకూడదో మాత్రం క్షుణ్ణంగా తెలుసు.

“వైయక్తిక రచన అనేది ఒక జాడ్యం,” అన్నారాయన మైకు సర్దుకుంటూ. “ఒక్కడే ఆలోచించి, ఒక్కడే రాసి, కింద ఒక్కడే పేరు పెట్టుకోవడం ప్రజాస్వామ్య స్ఫూర్తికి విఘాతం. కాబట్టి ఇకమీదట జిల్లాలో ఏ విద్యార్థీ ఏ వ్యాసాన్నీ ఒంటరిగా రాయరాదు.”

దానికోసం ‘కలిసిరాద్దాం’ అని ఒక యాప్ తయారైంది. అందులో ఒక కాగితం తెరుచుకుంటుంది. ఎవరి ఫోన్లోంచి వాళ్లు, ఎవరి ట్యాబులోంచి వాళ్లు ఆ ఒక్క కాగితం మీదే రాస్తారు. ఎవరు రాసింది వాళ్ల రంగులో కనబడుతుంది, చెరిపేసిన పాత ప్రతులు కూడా లోపల భద్రంగా ఉంటాయి. పక్కన రెండు మీటలు ఉంటాయి, సమ్మతి అని ఒకటి, అసమ్మతి అని ఒకటి. సభ్యులందరూ సమ్మతి నొక్కితే వ్యాసానికి తాళం పడుతుంది. తాళం పడ్డాక ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ అందరూ నొక్కాల్సిందే. ఒక్కరు కాదన్నా ఉన్నది ఉన్నట్టే ఉండిపోతుంది.

వెనక వరసలోంచి ఒక ముసలి మాస్టారు లేచి, “ఒకడు బాగా రాస్తాడు, పక్కవాడికి అసలు రాయటమే రాదు. అప్పుడేం చెయ్యమంటారు సార్?” అని అడిగాడు.

“బాగా రాసేవాణ్ణి నెమ్మదించవలసిందిగా ప్రోత్సహించాలి,” అన్నారు భుజంగరావు గారు. టీచర్లంతా రాసుకున్నారు.

చివర్లో ఆయన రెండు ముక్కలు చెప్పారు. మొదటిది, నలుగురూ ఒప్పుకున్నదే సత్యం కాబట్టి తాళం పడిన వ్యాసాన్ని ఆ ఊరి గురించిన అధికారిక సమాచారంగా అన్ని శాఖలూ స్వీకరిస్తాయి. రెండోది, ‘మా ఊరి వాగు, చెరువు లేదా కాలువ’ అనే అంశం మీద వచ్చిన వ్యాసాల్లో మొదటి బహుమతి పొందినదాన్ని రాసినవారికి జిల్లా కేంద్రంలోని గురుకులంలో తొమ్మిదో తరగతిలో సీటు ఇస్తారు. హైస్కూలుకి దారి లేని ఊళ్ల పిల్లలకే ఆ సీటు.

ఈ రెండో ముక్క దగ్గర రూతమ్మ టీచరు నిటారుగా కూర్చుంది.

ఏటిగడ్డపాలెం బడి ఎనిమిదో తరగతితో సరి. హైస్కూలు వాగు అవతల ఉంది. వాగు మీద వంతెన కడతామని అవతలి గట్టునుంచి మొదలుపెట్టి, సగం దాకా వచ్చి, ఎందుకో ఆపేశారు. వానలు పడ్డప్పుడు వాగు పొంగుతుంది, పిల్లలు ఇంట్లో కూర్చుంటారు, కూర్చున్న ఆడపిల్లలు మళ్లీ లేచి బడికి వెళ్లరు. ఎనిమిదో తరగతిలో షాహినా అని ఒక పిల్ల ఉంది, ట్రాక్టరు తోలే దస్తగిరి రెండో కూతురు. ఆ పిల్ల రాసింది దిద్దటానికి కూర్చుంటే ఎర్ర సిరా ఖర్చయ్యేది కాదు. ఆ సీటు ఈ పిల్లకి రావాలి, రాకపోతే వచ్చే ఏడు ఈ పిల్లా అంతే, అనుకుంది రూతమ్మ టీచరు బస్సులో వస్తూ.

మర్నాడే క్లాసులో ట్యాబులు పంచి, కాగితం తెరిచింది. పిల్లలంతా ఎవరు మొదలుపెడతారా అని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటుండగానే షాహినా తల వంచుకుని గబగబా రాసేసింది. గంట కొట్టేసరికి వ్యాసం అయిపోయింది. రూతమ్మ టీచరు చదివింది.

“మా ఊరికీ హైస్కూలుకీ మధ్య ఒక వాగు ఉంది. ఎండాకాలం అది మా మోకాళ్ల దాకా కూడా రాదు. అప్పుడు మేము దాన్ని లెక్కచెయ్యం. వానాకాలం అది మమ్మల్ని లెక్కచెయ్యదు. వాగు మీద సగం వంతెన ఉంది. ఎండాకాలం మా అమ్మ దాని మీద మిరపకాయలు ఆరబోస్తుంది. మా అక్క ఎనిమిదో తరగతిలో ఫస్టు వచ్చింది. ఇప్పుడు మిరపకాయలకి కాపలా కూర్చుంటుంది.”

ఇలా పేజీన్నర ఉంది. రూతమ్మ టీచరు రెండుసార్లు చదువుకుని కళ్లద్దాలు తుడుచుకుంది. ఇక అందరూ సమ్మతి నొక్కేస్తే ఒక పనైపోతుందనుకుంది. యాప్ అలా అనుకోలేదు.

యాప్‌లో సహకార సూచిక అని ఒకటుంది. ఎవరు ఎన్నిసార్లు కాగితాన్ని ముట్టుకున్నారో అది చూస్తుంది, ఏం రాశారో చూడదు. షాహినా ఒక్కసారి కూర్చుని మొత్తం రాసేసి ఊరుకుంది కాబట్టి ఆ పిల్ల పేరు పక్కన ‘సహకార లోపం, కౌన్సెలింగ్ అవసరం’ అని ఎర్రగా వచ్చింది. చివరి బెంచీలో యేసోబు అని ఒకడున్నాడు. వాడు రెండు మాటల మధ్య ఒక ఖాళీ కొట్టి, దాన్ని చెరిపి, మళ్లీ కొట్టి, మళ్లీ చెరిపి మధ్యాహ్నం దాకా ఆడుకున్నాడు. వాడికి ‘మహా సహకారి’ బిరుదు వచ్చింది, పేరు పక్కన బంగారు దండతో సహా. ఆ సాయంత్రానికి క్లాసంతా ఖాళీలు కొట్టడం నేర్చుకుంది.

రెండ్రోజుల్లో భుజంగరావు గారి నుంచి ఫోను వచ్చింది. “మీ పాఠశాలలో ఒక విద్యార్థిని యావత్ వ్యాసాన్నీ తానే రచించినట్టు మా దృష్టికి వచ్చింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది ఈ ధోరణి. తక్షణమే సభ్యత్వాన్ని విస్తరింపజేయండి. వాగుతో సంబంధం ఉన్న ప్రతి ఒక్కరినీ చేర్చండి.”

రూతమ్మ టీచరు చేర్చింది. పైవాళ్ల మాటకి అడ్డు చెప్పడం ఆవిడ ఎరగదు. హెడ్మాస్టరు పిచ్చయ్య గారిని చేర్చింది. సర్పంచి తిరుపతమ్మ భర్త మాలకొండయ్యని చేర్చింది. సర్పంచి ఆవిడే అయినా ఊళ్లో అందరూ సర్పంచి గారనేది ఆయన్నే కాబట్టి యాప్ కూడా ఆ ఆచారాన్నే పాటించింది. తర్వాత వ్యవసాయ శాఖ, నీటిపారుదల శాఖ, మలేరియా విభాగం వాళ్లంతట వాళ్లే వచ్చి చేరారు. ఇంతమంది వచ్చాక భుజంగరావు గారు ఊరుకుంటారా, ఆయనా సభ్యులయ్యారు.

మొదట మాలకొండయ్య బడికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఫోను ముందుకు చాపి, “ఈ సగం వంతెన సంగతి ఎందుకు టీచరమ్మా?” అన్నాడు.

“సగమేగదండీ ఉంది.”

“సగమే. నేను కాదంటంలా. సగం అని రాస్తే మిగతా సగం ఏమైందని అడుగుతారు గదా. ఎవురికి చెప్పుకుంటాం? అట్టా రాయబాకండి.”

‘సగం’ పోయింది. ‘వంతెన ఉంది’ అని మిగిలింది. రూతమ్మ టీచరు సమ్మతి నొక్కింది.

తర్వాత పిచ్చయ్య గారు తన గదిలోకి పిలిచారు. “ఆ పిల్ల వాళ్లక్క సంగతి రాసింది చూశారా? మన రికార్డుల్లో చదువు మానేసినవాళ్లు ఎవురూ లేరమ్మా. ఆ పిల్ల మిరపకాయల కాడ కూర్చున్నా రికార్డు ప్రకారం చదువుతా ఉన్నట్టే.” అక్క పోయింది. మిరపకాయలు వంతెన మీద ఆరబోయడం నాణ్యతా ప్రమాణాలకి విరుద్ధమని వ్యవసాయ శాఖ అన్నది. మిరపకాయలు పోయాయి, వాటితో పాటు అమ్మ కూడా పోయింది. వాగు అన్నాక దోమలు ఉంటాయన్న అపోహ కలగవచ్చు కాబట్టి ‘దోమలు లేని వాగు’ అనాలని మలేరియా విభాగం పట్టుపట్టింది. దోమల మాటే ఎత్తకూడదని పిచ్చయ్య గారు పట్టుపట్టారు. నీటిపారుదల శాఖ వారు ఎండాకాలం వాగులో నీళ్లు తక్కువంటే ఒప్పుకోలేదు, వానాకాలం ఎక్కువంటే అసలే ఒప్పుకోలేదు. ఏడాది పొడుగునా తగినన్ని ఉన్నాయని తేల్చారు. ఈ గొడవంతా జరుగుతుంటే యేసోబు మాత్రం నిష్ఠగా ఖాళీలు కొడుతూనే ఉన్నాడు.

వ్యాసం సబ్బు బిళ్లలా రోజురోజుకీ అరిగింది.  ప్రతిసారీ రూతమ్మ టీచరు వేలు సమ్మతి మీదే పడేది. ఎలాగోలా వ్యాసం పైకి వెళ్తే చాలు, సీటు వస్తే చాలు అని తనకి తను చెప్పుకుంది. దసరా సెలవులకి ముందు అందరూ ఒప్పుకున్న ప్రతి తయారైంది.

“మా ఊరు ఉంది. వాగు ఉంది. వాగులో తగినన్ని నీళ్లు ఉన్నాయి. వంతెన ఉంది. అందరం ఉన్నాం.”

చివరి వాక్యం మొదట ‘అందరం సంతోషంగా ఉన్నాం’ అని ఉండేది. సంతోషం మీద ఏకాభిప్రాయం కుదరలేదు.

అందరూ నొక్కారు, షాహినా తప్ప. రూతమ్మ టీచరు ఆ పిల్లని వరండాలోకి పిలిచి ట్యాబు చేతికిచ్చింది.

“నొక్కు తల్లీ. నీ ఒక్కదాని కోసమే ఆగింది.”

“ఇందులో నేను రాసింది యాడుంది టీచర్?”

రూతమ్మ టీచరు వెతికింది. వాగు కనబడింది. అదే చూపించింది. షాహినా టీచరు మొహంలోకి చూసి నొక్కేసింది. వ్యాసానికి తాళం పడింది. ఆ చూపు గుర్తొచ్చి రూతమ్మ టీచరు ఆ పూట అన్నం తినలేకపోయింది. అంత సిగ్గు ఆవిడకి ఏనాడూ వెయ్యలేదు.

వ్యాసానికి జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. ఏ ఒక్కరికీ ఏ అభ్యంతరమూ లేని ఏకైక రచన అని న్యాయనిర్ణేతలు కొనియాడారు. సన్మానం చెయ్యడానికి భుజంగరావు గారు స్వయంగా ఏటిగడ్డపాలెం వచ్చారు. కార్తీకమాసం వానల రోజులు. పొద్దున వాగు ఇంకా పలచగానే ఉంది. సగం వంతెన పక్కనుంచి, నీళ్లు చిమ్ముకుంటూ జీపు దాటింది. ఆ సమయంలో ఆయన తన ప్రసంగం చూసుకుంటూ ఉన్నారు.

సభలో రచయితలందరికీ కలిపి ఒకే శాలువా కప్పారు. అది మాలకొండయ్య దగ్గర మొదలై పిచ్చయ్య గారి మీదుగా వ్యవసాయ శాఖ దాకా వచ్చి అయిపోయింది. పిల్లల దాకా రాలేదు. తర్వాత భుజంగరావు గారు సీటు సంగతి ప్రకటించారు.

“ఇది సామూహిక రచన గనుక సీటు కూడా సామూహికమే. రచయితలందరూ వంతులవారీగా గురుకులంలో ఉండి విద్యనభ్యసించవచ్చును.”

వంతుల పట్టిక చదివారు. మాలకొండయ్య వంతు ఏప్రిల్లో పడింది.

“ఏప్రిల్లో పొగాకు పని ఉంటది సార్,” అన్నాడు మాలకొండయ్య.

“ఆ చింత మీకు అక్కర్లేదు,” అన్నారు భుజంగరావు గారు. “ఈ సీటు హైస్కూలుకి దారి లేని గ్రామాలకు ఉద్దేశించబడినది. మీకు వంతెన ఉన్నట్టు మీరే సర్వసమ్మతంగా తెలియజేశారు. కాబట్టి మీ గ్రామానికి సీటు వర్తించదు. ఇందుకు మీరందరూ గర్వించాలి.”

చప్పట్లు కొట్టారు. రూతమ్మ టీచరు చేతులు కలవలేదు. పిల్లల వరసలో షాహినా నేల చూపులు చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి పైన ఎక్కడో కొండల్లో కుండపోతగా కురిసింది. జీపు వాగు దగ్గరికి వెళ్లేసరికి వాగు ఎర్రగా, గట్టు ఒరుసుకుంటూ పారుతోంది. అవతలి గట్టునుంచి వంతెన ఠీవిగా వచ్చి నడి వాగులో ఆగిపోయి ఉంది. భుజంగరావు గారు దాన్ని మొదటిసారి చూశారు.

“ఇది వంతెనా?” అన్నారు.

“మీరు గూడా నొక్కారు గదా సార్,” అన్నాడు మాలకొండయ్య మర్యాదగా.

మబ్బు పట్టిందంటే బడి మేడ మీద తప్ప ఊళ్లో ఎక్కడా సిగ్నలు అందదు. భుజంగరావు గారు మేడెక్కి విపత్తుల కార్యాలయానికి ఫోను చేసి, పడవ పంపమన్నారు. అవతలివాళ్లు ఊరి పేరు అడిగి, కాసేపు చూసుకుని, ఏటిగడ్డపాలెంలో వంతెన ఉంది, వాగులో తగినన్ని నీళ్లు మాత్రమే ఉన్నాయి, అధికారిక సమాచారంలో స్పష్టంగా ఉంది, వంతెన మీదుగా రండి అన్నారు.

“ఆ సమాచారం తప్పయ్యా. నేను కళ్లతో చూస్తున్నాను.”

“ఒక్కరు చూస్తే ఎలా సార్? వ్యాసం మార్పించండి, వెంటనే పంపిస్తాం.”

ఆయన మేడ మీదే కూర్చుని సవరణ రాశారు. ‘ప్రస్తుతం పురోగతిలో ఉన్న వంతెన యొక్క శేషభాగము అందుబాటులో లేనందున’ అని మొదలై అది పేజీ దాకా సాగింది. సభ్యులందరినీ మేడెక్కించారు, ఊళ్లో లేని శాఖల వాళ్లకి ఫోన్లు చేశారు. ‘శేషభాగము’ అంటే మిగతా సగం ఏమైందని అడుగుతారు గదా అని మాలకొండయ్య అసమ్మతి నొక్కాడు. వాగు పొంగిందంటే తమ శాఖకు మచ్చ అని నీటిపారుదల వాళ్లు నొక్కారు. యేసోబు ఒక ఖాళీ కొట్టాడు. దాంతో మొత్తం మళ్లీ మొదటికొచ్చింది. భుజంగరావు గారు వాణ్ణి ఏమీ అనలేకపోయారు, వాడికి బంగారు దండ ఇచ్చింది ఆయన శాఖే.

పొద్దు వాలుతోంది. సన్నగా జల్లు మొదలైంది. ఆయన తలమీద పరీక్ష అట్ట పెట్టుకుని, పక్కన నిలబడ్డ షాహినాని అడిగారు, “మీరు రోజూ హైస్కూలుకి ఎలా వెళ్తారమ్మా?”

“పోవట్లేదు సార్,” అంది షాహినా. “ఎనిమిదితో ఆపేస్తాం.”

 ఆయన మాలకొండయ్యని పక్కకి పిలిచారు. “చూడండి, ఇది తేలకపోతే వాగు తీసేదాకా నేను మీ ఇంట్లోనే ఉండాలి. నాకు షుగరు. పథ్యం వంట. పొద్దున్నే వేడినీళ్లు.” మాలకొండయ్య ఆ క్షణమే సమ్మతి నొక్కాడు. సర్పంచి గారు మారేసరికి పిచ్చయ్య గారూ మారారు. నీటిపారుదల శాఖ వారికి వాళ్ల పై అధికారి చేత చెప్పించారు. యేసోబు చేతిలోంచి ట్యాబు తీసుకుని వాడి బదులు వాళ్ల నాన్న నొక్కాడు. ఇక మిగిలింది షాహినా.

“నొక్కమ్మా,” అన్నారు భుజంగరావు గారు.

“ఇది నాకు అర్థం కాలేదు సార్. నేను రాసిందైతే నొక్కుతా.”

“అది ఎప్పుడో చెరిగిపోయింది గదా తల్లీ.”

అప్పుడు రూతమ్మ టీచరు ముందుకొచ్చింది.  “చెరగలేదండీ. యాప్‌లో పాత ప్రతులన్నీ ఉంటయ్. మొట్టమొదటిది నొక్కితే మళ్లీ వచ్చేస్తది. మీరే శిక్షణలో చెప్పారు.”

ఆయన వాగు కేసి చూశారు. మాలకొండయ్య ఇంటి కేసి చూశారు. మొదటి ప్రతి నొక్కారు. ఖాళీలు, శాఖలు, తగినన్ని నీళ్లు, శేషభాగము అన్నీ ఒక్కసారి మాయమై, షాహినా రాసిన పేజీన్నర తెరమీదికి వచ్చింది. సగం వంతెన వచ్చింది, అమ్మ వచ్చింది, అక్క వచ్చింది. భుజంగరావు గారు మొదటిసారి దాన్ని మొదట్నుంచీ చివరిదాకా చదివారు. చదివాక ఫోను జేబులో పెట్టుకోబోయి, మళ్లీ తీసి, సమ్మతి నొక్కారు. మేడ మీద అందరూ నొక్కారు. ఫోన్లలో శాఖలన్నీ నొక్కాయి. షాహినా నొక్కింది. తాళం పడింది.

రచయితల జాబితాలో ఒకే ఒక్క పేరు మిగిలింది. ఊరికి హైస్కూలుకి దారి లేదని అన్ని శాఖలకీ సమాచారం వెళ్లింది, దాంతో సీటూ ఆ పేరుకే వర్తించింది. చీకటి పడేలోపు పడవ వచ్చింది.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు. భుజంగరావు గారు అవతలి గట్టెక్కి, పొడిబట్టలు కట్టుకుని, వేడి టీ తాగి, యాప్ తెరిచి మొదటి సూచన పంపారు. “‘సగం’ అనే పదం ప్రతికూల భావన కలిగించుచున్నది. తొలగించే విషయమై సభ్యులు సమ్మతి తెలుపగలరు.” నీటిపారుదల శాఖ వెంటనే నొక్కింది. మర్నాడు మబ్బు విడిపోగానే మాలకొండయ్య నొక్కాడు. పిచ్చయ్య గారు నొక్కి, రూతమ్మ టీచరుకి ఫోను చేశారు.

“పెద్దాయన అడిగారు గదమ్మా. మనకెందుకు, నొక్కేయండి.”

“సరేనండీ,” అంది రూతమ్మ టీచరు. ఫోను పెట్టేసి, తన సర్వీసులో మొదటిసారిగా రెండో మీట నొక్కింది.   ‘ఒక సభ్యురాలి అసమ్మతి కారణంగా వ్యాసం యథాతథం’ అని తెరమీద వచ్చింది.

మరుసటి జూన్‌లో దస్తగిరి తన ట్రాక్టరు మీద షాహినాని గురుకులంలో దింపి వచ్చాడు. వంతెన పని మాత్రం ఇంకా మొదలుకాలేదు. భుజంగరావు గారు ఇప్పటికీ పట్టువదలకుండా రోజూ ఒక సూచన పంపిస్తూనే ఉన్నారు. రూతమ్మ టీచరు పొద్దున్నే బడికి వచ్చి, కిటికీ తలుపులు తీసి, అసమ్మతి నొక్కి, ఆ తర్వాత పిల్లల హాజరు పిలుస్తుంది.